రాష్ట్రపతి సంతకమును భద్రాచలపు టడవియును

రాష్ట్రపతి యెన్నిక వచ్చినప్పుడెల్ల మన యిండ్లలో దానిని దూరపు ముచ్చటగా వినుట పరిపాటి. ఓటు వేయువారు శాసనసభ్యులును పార్లమెంటు సభ్యులును గదా, అభ్యర్థుల యభిప్రాయములను మనము సరిపోల్చి చూడనేల యని పలువురు తలంతురు. ఖమ్మము దాటి భద్రాచలపు టడవుల సరిహద్దునకు పోయినచో ఈ తలంపు నిలువదు.

అచ్చటి గిరిజన గ్రామములు రాజ్యాంగములోని అయిదవ షెడ్యూలునకు లోబడినవి. వాని భూములను కాపాడుటకు గవర్నరు చేయు రెగ్యులేషనులు రాష్ట్రపతి యామోదము లేనిదే చెల్లవు. 1959లో, నీలం సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రిగా నుండగా, భూబదలాయింపు రెగ్యులేషను పుట్టెను. ఆ యేటనే భద్రాచలము తూర్పు గోదావరి జిల్లానుండి ఖమ్మము జిల్లాలో చేరెను. గిరిజనుడు తన భూమిని అధికారుల యనుమతి లేక ఇతరునకు అమ్మరాదనుట దాని సారము. 1963లో అది తెలంగాణ ప్రాంతమునకును వచ్చెను.

1969 మే 3న జాకిర్ హుస్సేనుగారు పదవిలో నుండగనే మరణించిరి. ఆగష్టు 16న జరిగిన యెన్నికలో సంజీవరెడ్డిగారును వి.వి. గిరిగారును, అనగా ఇద్దరు తెలుగువారు, ముఖ్య ప్రత్యర్థులైరి. ఇందిరాగాంధీగారి పక్షమా, సిండికేటు పక్షమా యనుటయే నాటి ప్రధాన వాదము. కాని ఇద్దరి పూర్వచరిత్రయు తెఱచిన పుస్తకమే. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వము మార్చినదని గిరిగారు 1954లో మంత్రిపదవిని విడిచిరి. 1969 జులై 19న తాత్కాలిక రాష్ట్రపతిగా పదునాలుగు బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్సుపై సంతకము చేసిరి. సంజీవరెడ్డిగారు బస్సుల జాతీయకరణ వ్యాజ్యములో సుప్రీముకోర్టు తీర్పు రాగా 1964లో ముఖ్యమంత్రి పదవిని విడిచిరి. 1967లో స్పీకరై పార్టీ సభ్యత్వమును వదలిరి.

గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 ఓట్ల విలువ లభించెను. 1970 ఫిబ్రవరి 3న, గిరిగారు రాష్ట్రపతిగా నుండగా, ప్రసిద్ధమైన 1/70 అమలునకు వచ్చెను. షెడ్యూలు ప్రాంతములో భూమిని ఎవరమ్మినను గిరిజనేతరుడు కొనరాదని అది శాసించెను. సంజీవరెడ్డిగారైనచో దానిని అంగీకరింపకుందురని మేమనము. మొదటి రెగ్యులేషను వారి కాలమునాటిదే. ఆ సంతకము అడవిలోని యొక చెలక వఱకు వచ్చునని మాత్రమే మా మాట. 2014 మే నెలలో మఱియొక రాష్ట్రపతి సంతకముతో, పోలవరము ముంపు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయెను. భద్రాచలము పట్టణము తెలంగాణలో మిగిలెను.

రాష్ట్రపతి మంత్రివర్గపు సలహాపై నడచువాడే గదా యందురు. నిజమే. కాని 1978నాటి సవరణ ప్రకారము ఆ సలహాను ఒకసారి పునరాలోచనకు పంపు నధికారము ఆయనకు కలదు. దానిని వాడువాడెవ్వడు, వాడనివాడెవ్వడు అనునదే పరీక్ష.

2022లో ద్రౌపదీ ముర్ముగారిని గూర్చి కొందఱు జన్మమునే చూచిరి. యశ్వంత్ సిన్హాగారిని గూర్చి కొందఱు వాగ్దానములనే వినిరి. ఝార్ఖండ్ గవర్నరుగా ముర్ముగారు గిరిజన భూచట్టముల సవరణ బిల్లులను 2017లో త్రిప్పి పంపిరి. సిన్హాగారు తాము రబ్బరు ముద్రగా నుండబోమనిరి. మొదటిది చేసిన పని, రెండవది చేయుదునన్న మాట. రెండింటిని ఒకే తక్కెడలో తూచరాదు. అయినను తెలంగాణ పాలకపక్షము సిన్హాగారిని, ఆంధ్ర పాలకపక్షము ముర్ముగారిని బలపఱచెను. ఒకే యడవి ప్రజల ప్రతినిధులు సరిహద్దుకు ఈవల నొక శిబిరమున, ఆవల నొక శిబిరమున నిలిచిరి.

ఈ యెన్నికలో ఓటు రహస్యము. పార్టీలు విప్ జారీచేయరాదు. కావున మన ప్రతినిధికి తీరిక లేదను సాకే గాని స్వేచ్ఛ లేదను సాకు లేదు. అభ్యర్థి చేతికి బలహీనుని భూమికి సంబంధించిన కాగితము వచ్చినప్పుడు అతడేమి చేసెనో విచారించితివా యని ఓటునకు ముందుగానే ఆ ప్రతినిధిని అడుగుట మన విధి. అడుగువారు లేనిచోట పార్టీ యాజ్ఞయే అంతరాత్మగా చెల్లుబాటగును.