జెముడంటే ఏ జెముడు?

మా అత్తగారికి ముళ్లున్న ప్రతి మొక్కా జెముడే. ఉప్పల్‌లో, నాచారంలో ఏ అపార్ట్‌మెంట్ బాల్కనీ చూసినా ఈమధ్య స్తంభంలా నిటారుగా పెరిగే కాక్టస్ ఒకటి కనిపిస్తోంది. "ముళ్ల చెట్టు ఇంట్ల పెడతరా ఎవరన్నా?" అని పెద్దవాళ్లు, "ఎంత బాగుందో!" అని పిల్లలు. వాస్తు మాట తర్వాత చూద్దాం. ముందు తేలాల్సింది, కుండీలో ఉన్నది అసలు కాక్టసేనా అని.

మన పాత జెముళ్లు పాలు కారేవి. బొమ్మజెముడు, ఆకుజెముడు, కాడజెముడు, అన్నీ యుఫోర్బియాలే. పశువులు ముట్టవని చేల చుట్టూ వీటిని కంచెగా వేసేవారు. ఫ్యాక్టరీలు, కాలనీలు రాకముందు ఉప్పల్, నాచారం కూడా చేలున్న ఊళ్లే కదా. బొమ్మజెముడైతే అచ్చంగా మన నేలదే. 1753లో లిన్నేయస్ దానికి యుఫోర్బియా యాంటికోరమ్ అని పేరు పెట్టాడు, అంటే 'ప్రాచీనులది' అని.

కాక్టస్‌లు అలా కాదు. దాదాపు అన్నీ అమెరికా ఖండాల్లో పుట్టినవే, ఓడలెక్కి వచ్చినవే. పడగలాంటి మట్టలుండే నాగజెముడు అలా వచ్చిందే. దాని కథలో మన చీరల రంగు కూడా ఉంది. ఆ మొక్క మీద బతికే కాచినీల్ అనే చిన్న పురుగు నుంచి చక్కటి ఎరుపు తీస్తారు. ఆ వ్యాపారమంతా స్పెయిన్ వాళ్ల గుప్పిట్లో ఉండేది. దాన్ని లాక్కోవాలని ఈస్టిండియా కంపెనీ ఆశ. కంపెనీ డాక్టరు జేమ్స్ ఆండర్సన్ 1780ల చివర్లో మద్రాసు దగ్గర సైదాపేటలో నాగజెముడు తోటే వేయించాడు. 1795లో నీల్సన్ అనే కెప్టెన్ బ్రెజిల్ నుంచి పురుగుల్ని కలకత్తాకు తెచ్చాడు. తీరా చూస్తే అవి నాసిరకం, రంగు అంతంతమాత్రం. రంగు రాలేదు సరే, ఆ పురుగులు ఒక రకం నాగజెముడును ఊళ్లకు ఊళ్లే తినేశాయి! మిగిలిన రకం దక్షిణాదిలో కలుపులా పాకిపోతే, 1926లో శ్రీలంక నుంచి మరో రకం కాచినీల్ పురుగును తెప్పించి మరీ వదిలారు.

మన బాల్కనీ స్తంభం పేరు సీరియస్. లాటిన్‌లో మైనపు వత్తి అని అర్థం. ఇదీ దక్షిణ అమెరికాదే. కంప్యూటర్ పక్కన పెడితే రేడియేషన్ పీల్చేస్తుందని అమ్ముతారు, ఆ మాట మాత్రం నమ్మకండి.

చిక్కెక్కడంటే, ఆఫ్రికా నుంచి వచ్చిన యుఫోర్బియా ట్రైగోనాలాంటివి కూడా నర్సరీల్లో కాక్టస్ పేరుతోనే అమ్ముడవుతాయి. చూడ్డానికి రెండూ స్తంభాలే. కోసి చూడక్కర్లేదు, ముళ్లు చూస్తే చాలు. కాక్టస్‌లో చిన్న దూది మెత్తలాంటి చుక్కలోంచి ముళ్లు గుత్తిగా వస్తాయి. యుఫోర్బియాలో ఆ దూది ఉండదు, ముళ్లు చాలావరకు జంటలుగా ఉంటాయి. కొమ్మ విరిగితే పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే విపరీతమైన మంట, చూపుకే ప్రమాదం. వెంటనే ధారగా నీళ్లతో కడుగుతూ ఉండి, కంటి డాక్టర్ దగ్గరకు పరుగెత్తాల్సిందే. పాకే పిల్లలున్న ఇంట్లో "వద్దు" అన్న పెద్దవాళ్ల మాట చాదస్తమని నేను అనుకోను. చేల గట్ల మీద ఆ పాలు చూసినవాళ్లు వాళ్లు.

నిజం కాక్టస్ అయితే పెంపకం తేలికే. ఎర్రమట్టిలో సగానికి సగం ముతక ఇసుక, అడుగున చిల్లు ఉన్న మట్టి కుండీ, మంచి ఎండ. నీడలో పెరిగిన కొత్త మొక్కను మాత్రం మే ఎండలో ఒక్కసారిగా పెట్టకండి, చర్మం కాలి మచ్చ పడుతుంది. ఎండాకాలం మట్టి పూర్తిగా ఆరాకే నీళ్లు. మనకు వాన ఎక్కువగా కురిసేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా, అప్పుడు సన్‌షేడ్ కిందకు జరపాలి. మొదలు మెత్తబడితే పైన బాగున్న ముక్క కోసి, వారం రోజులు నీడలో ఆరబెట్టి, కోత గట్టిపడ్డాక నాటుకోవచ్చు.

పూయడానికి ఏళ్లు పడుతుంది. మొగ్గ కనిపిస్తే పగలంతా కాపలా కాయకండి. అరచేయంత తెల్ల పువ్వు చీకటి పడ్డాక విప్పుకుంటుంది, మర్నాడు ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది.