హైదరాబాదు పాతబస్తీ చేతిపనుల దుకాణాలు

లక్క గాజులు, బిద్రీ సామాను, వెండి వరఖు, ఉర్దూ చేతిరాత. ఈ నాలుగు పనులకూ హైదరాబాదులో చార్మినార్ చుట్టుపక్కల బజార్లే పేరుపడ్డ చోట్లు. గాజులు అమ్మే లాడ్ బజార్‌లో ఇప్పటికీ కాలు పెట్టే సందు ఉండదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి చార్మినార్ చూడబోయినవాళ్లు గాజులు కొనకుండా రావడం అరుదు. అయితే అమ్మే గల్లాకూ, ఆ సరుకు పుట్టే కార్ఖానాకూ మధ్య దూరం పెరుగుతూ వచ్చింది. ఈ బజార్ల ఇటీవలి చరిత్రలో ప్రధానమైన మార్పు అదే.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ కట్టించాక దాని చుట్టూ బజార్లు పెరిగాయి. నిజాముల కాలంలో దర్బారు, జాగీర్దారుల ఇళ్లు ఇక్కడి పనివాళ్లకు పెద్ద బేరం. 1908 మూసీ వరద నగరాన్ని ఊడ్చేసిన తరువాత, 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. పత్తర్‌గట్టిలో నేడు కనిపించే రాతి కమానుల దుకాణాల వరుస ఆ బోర్డు కట్టించినదే. 1948లో నిజాం పాలన ముగిసి, మరుసటి ఏడాది జాగీర్లు రద్దయ్యాయి. పాత కొనుగోలుదారులు పోయారు. అప్పటి నుంచి ఈ దుకాణాలకు పెళ్లిళ్లు, పండుగలు, పర్యాటకులే ఆధారం.

లక్క గాజు పని నిప్పుల దగ్గర కూర్చుని చేసేది. చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు వదిలే జిగురును కరిగించి, రంగు కలిపి, ముద్ద చేసి, కడ్డీలా సాగదీసి, వేడి ఆరకముందే గుండ్రంగా వంచుతారు. తరువాత అద్దాలూ రాళ్లూ ఒక్కొక్కటే అద్దాలి. లక్క చల్లారితే రాయి పట్టదు, మరీ వేడెక్కితే గాజు వంకర పోతుంది. ఈ పనిలో ఎక్కువ భాగం దుకాణంలో కాక పాతబస్తీ ఇళ్లలో, చిన్న కార్ఖానాల్లో జరుగుతుంది. రాళ్లు అద్దేవారిలో ఆడవాళ్లు చాలామంది. కొనేవారి కంట పడనిది వాళ్ల శ్రమే, కూలి తక్కువ పడేదీ దానికే. పక్కనే లోహపు గాజులు, యంత్రం మీద చేసినవి, వేరే ఊళ్ల నుంచి దిగుమతైనవి చవకగా దొరుకుతుంటే చేతి గాజుకు తగిన ధర అడగడం దుకాణదారుకూ కష్టమే. 2020లో లాక్‌డౌన్ సరిగ్గా రంజాన్ నెల మీద పడింది. ఏడాది అమ్మకాలకు ఆయువుపట్టులాంటి ఆ రాత్రుల్లో బజారు మూతపడింది.

2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. వేరేచోట చేసినవాటిని ఈ పేరుతో అమ్మకుండా అడ్డుకోవడానికి చట్టబలం వచ్చింది. కూలి రేటు మాత్రం ఆ గుర్తింపు పరిధిలోకి రాదు.

వెండి వరఖుది మరో కథ. తోలు పొరల పుస్తకంలో వెండి తునకలు పేర్చి, గంటల తరబడి సుత్తితో కొడితే ఊదితే ఎగిరిపోయేంత పలచని రేకు వస్తుంది. మిఠాయిల మీద, కిళ్లీల మీద వేసేది దీన్నే. తయారీలో ఎక్కడా జంతు సంబంధమైన పదార్థం వాడరాదని 2016లో కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన తెచ్చింది. శాకాహారుల అభ్యంతరం న్యాయమైనదే. కానీ యంత్రం కొనే స్తోమత లేని సుత్తిపనివాడికి మరో దారి చూపిన తరువాత ఆ మార్పు వచ్చి ఉంటే బాగుండేది.

ఉర్దూ చేతిరాతకు పేరుపడ్డ ఛత్తా బజార్‌ను దెబ్బ కొట్టింది కంప్యూటరు. ఉర్దూకు వాడే నస్తాలీక్ లిపిలో అక్షరాలు ఒకదాని మీదుగా ఒకటి వాలుతూ సాగుతాయి. సీసపు అచ్చులకు అది లొంగలేదు. అందుకే తెలుగు పత్రికలు అచ్చు కూర్చుకుంటున్న రోజుల్లోనూ ఉర్దూ పత్రికలు కాతిబుల, అంటే చేతిరాత లేఖకుల, కలం మీదే నడిచాయి. పుస్తకాలు, శుభలేఖలు, గోడపత్రికలు అన్నీ వాళ్ల చేతి నుంచే రావాలి. 1981లో నూరీ నస్తాలీక్ అనే కంప్యూటరు అక్షరాలు, 1994లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక పరిస్థితి తిరగబడింది. చెన్నైలో 1927లో మొదలైన ‘ముసల్మాన్’ పత్రిక ఆ తరువాత కూడా చేతిరాతనే నమ్ముకుంది. హైదరాబాదులో మాత్రం పత్రికల పని పోయింది. ఛత్తా బజార్ శుభలేఖల అచ్చుకు పెట్టింది పేరుగా మిగిలింది. బేరం బాగానే ఉంటుంది, కాతిబులే తగ్గిపోయారు.

బిద్రీ పనికి అడ్డంకులు సరుకులోనే ఉన్నాయి. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, ఉలితో చెక్కి, వెండి తీగ పొదిగి, చివరకు బీదరు కోట మట్టి కలిపిన ద్రావణంలో ముంచితే లోహం నల్లబడి వెండి మెరుస్తుంది. ఒకప్పుడు బీదరు, హైదరాబాదు ఒకే రాజ్యంలోవి. 1956 రాష్ట్రాల పునర్విభజనలో బీదరు మైసూరు రాష్ట్రానికి పోయింది. పనివాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నా, పని పుట్టిన ఊరు కర్ణాటకది, పేరుపడ్డ బజారు తెలంగాణది. వెండి ధర ఎగబాకినప్పుడల్లా పెద్ద కూజాలు, హుక్కా అడుగుల వంటివి తగ్గి, తాళంచెవి గొలుసులు, చిన్న డబ్బీలు దుకాణాల అరల్లో ఎక్కువవుతున్నాయి.