చింతకొమ్మకి వేలాడిన ఇంజన్

అనకాపల్లిలో మా నానా ఇంటి వాకిట్లో ఒక చింతచెట్టు ఉండేది. దాని లావుపాటి కొమ్మ మీద గొలుసు ఒరుసుకుని పడిన గాడి ఒకటి కనిపించేది. ఉయ్యాల కట్టిన గుర్తేమో అనుకునేవాణ్ణి. కాదట, అంబాసిడర్ ఇంజన్లు దింపిన గుర్తట!

తారీఖ్ అంటే కోటలు, నవాబులు, జంగ్‌లు అని బళ్ళో చదువుకున్నాం. ఆ గాడి కూడా తారీఖే అంటాను నేను.

అంబాసిడర్ 1957లో బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దాని అసలు రూపం. రెండేళ్ళకే పాత సైడ్ వాల్వ్ ఇంజన్ పోయి 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ వచ్చింది. బండి ఒళ్ళు మాత్రం దశాబ్దాల తరబడి దాదాపు అదే. ఇంజన్ అరిగిపోయినా బాడీ గట్టిగా ఉండేది. బండి పారేయడం ఎవరికి మనసొప్పుతుంది? ఇంజన్ మారిస్తే సరి.

1973 తర్వాత పెట్రోల్ ధర మండిపోయింది. డీజిల్ చౌక. కంపెనీ డీజిల్ అంబాసిడర్ తెచ్చేసరికి 1980 దరిదాపులకొచ్చింది. అదీ 1489 సీసీయే, బలం మాత్రం 37 హార్స్‌పవరే. కిరాయికి తిప్పుకునే వాళ్ళకి రోజీ ముఖ్యం. అందుకే ఎందరో తమ పెట్రోల్ బండిలో డీజిల్ ఇంజన్ వేయించుకున్నారు. మటాడోర్ వ్యాన్ ఇంజన్ కూడా అంబాసిడర్‌లో ఎక్కింది. కంపెనీ కితాబ్‌లో లేని ఆ తర్కీబ్ మిస్త్రీల దిమాగ్‌లోంచి పుట్టింది.

ఇంటి వాకిట్లో ఆ పని ఎలా సాగేదో చెప్తాను. బిస్మిల్లా అని ముందు బ్యాటరీ వైరు తీసేవారు. బానెట్ విప్పి పక్కన పెట్టేవారు. రేడియేటర్ నీళ్ళు, ఇంజన్ ఆయిల్ దింపేవారు. గొట్టాలు, వైర్లు, కార్బురేటర్ తీగలు, సైలెన్సర్ పైపు ఊడదీసి, ఏ బోల్టు ఎక్కడిదో తెలిసేలా పళ్ళెంలో వరసగా పేర్చేవారు. గేర్‌బాక్స్ కింద జాకీ పెట్టి, రెంటినీ కలిపే బోల్టులు విప్పేవారు. చివర్న మౌంటింగులు. అప్పుడు కొమ్మకి కట్టిన చైన్ పుల్లీ లాగితే, ఇంజన్‌ని కాస్త ముందుకి జరిపి, మెల్లగా పైకి లేపేవారు. కింద ఎవరూ ఉండకూడదు, అది ఉస్తాద్ హుకుం.

దింపడం కంటే ఎక్కించడమే అసలు హునర్. క్లచ్ ప్లేటు సరిగ్గా మధ్యలో కూర్చోకపోతే గేర్‌బాక్స్ షాఫ్టు లోపలికి దూరదు. పాత షాఫ్టు ఒకటి దూర్చి ప్లేటుని సరిచేసేవారు. డీజిల్ అయితే ఇంకా పని ఉంది. ట్యాంకు, పైపులు కడగాలి, హీటర్ ప్లగ్‌లకి వైరు లాగాలి, పైపుల్లోని గాలి పూర్తిగా తీయాలి. బరువు పెరిగితే బండి ముందు భాగం కుంగుతుంది, అదీ చూసుకోవాలి.

ఇందులో అమానత్ మాట కూడా ఉంది. ప్రతి ఇంజన్ మీదా ఒక నంబర్ కొట్టి ఉంటుంది, ఆర్‌సీలోనూ అదే ఉండాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిలో ఇష్టమొచ్చిన మార్పులు చేయకూడదు, అధికారి అనుమతి కావాలి. ఇమాన్‌దార్ మిస్త్రీ ముందు ఇంజన్ కాగితం అడుగుతాడు, తర్వాతే పానా పడతాడు. ఎక్కడిదో తెలియని ఇంజన్ బిగిస్తే ఆ కూలీలో బర్కత్ ఉండదని మా నానా అనేవారు.

1206లో అల్-జజరీ యంత్రాల మీద గొప్ప కితాబ్ పూర్తి చేశాడు. నీళ్ళు తోడే ఒక యంత్రంలో చక్రం తిరుగుడుని ముందుకీ వెనక్కీ కదలికగా మార్చి చూపించాడు. మన ఇంజన్‌లో క్రాంక్ షాఫ్టు దీనికి ఉల్టా: పిస్టన్ కదలికని తిరుగుడుగా మారుస్తుంది. అయితే నాకు నచ్చింది ఇంకో సంగతి. ఆయన కొలువు చేసిన అర్తుఖీ సుల్తాన్ నాసిరుద్దీన్ మహమూద్, నీ హునర్‌ని రాసి పెట్టమని అడిగాడు. అడిగాడు గనుక ఆ ఇల్మ్ ఎనిమిది వందల ఏళ్ళు నిలిచింది.

మన ఉస్తాద్‌లని అలా అడిగినవాడు లేడు. షాగిర్ద్‌గా చేరి, దెబ్బలు తిని, చేత్తో నేర్చుకుని, చేత్తోనే నేర్పారు. కాగితం మీద ఒక్క ముక్క లేదు. 2014 మేలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. షాగిర్ద్‌లు కొత్త కార్ల కంప్యూటర్ పనిలోకో, గల్ఫ్‌కో వెళ్ళిపోయారు. మిస్త్రీ కొడుకు అన్న మాటని చిన్నతనంగా తీసుకునే పిల్లల్నీ చూశాను. ఆ మాటలో ఎంత ఇల్మ్ ఉందో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

మా నానా లేరు, చింతచెట్టూ లేదు. నేను సమయానికి అడగలేదు. పైన రాసింది మామూలు, చాచాలు గుర్తు చేసుకున్నంత మేరకే. మీ ఖాన్‌దాన్‌లో పాత మిస్త్రీ ఎవరైనా ఉంటే, ఈ ఈద్‌కి సేమ్యా గిన్నె చేతికిచ్చి పక్కన కూర్చోండి. ముందు ఏ బోల్టు విప్పేవారో అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.