జాబితాలో లేనిది లేనట్టేనా?

"పుస్తకంలో ఉంది కాబట్టి నిజం" అనే వాదాన్ని మనం ఏళ్ళ తరబడి ఖండిస్తూనే ఉన్నాం. అదే జబ్బు కంప్యూటర్ ప్రోగ్రాములకీ ఉందంటే నమ్ముతారా?

నేను బీకాం చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో రిటైరైనవాణ్ని. మా రూల్సు పుస్తకాలకి కరెక్షన్ స్లిప్పులు వచ్చేవి. వాటిని కత్తిరించి పాత పేరా మీద అంటించాలి. ఒక ఆఫీసులో ఎవరో ఒక స్లిప్పు అంటించడం మర్చిపోయారు. ఒక ముసలాయన పింఛను పాత రేటుకే లెక్కకట్టారు. కూడికలో తప్పు లేదు. పుస్తకమే పాతది.

కంప్యూటర్ల చరిత్రలోనూ ఇదే కథ. ఆర్పానెట్ రోజుల్లో యంత్రాల పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. అందరూ దాన్ని కాపీ చేసుకునేవారు. యంత్రాలు పెరిగేకొద్దీ కాపీలు పాతబడ్డాయి. 1983లో డీఎన్ఎస్ పుట్టడానికి ఈ ఇబ్బంది కూడా ఒక కారణం.

ఇప్పుడు ఏఐ భాషా మోడళ్ళ వంతు. లైట్ఎల్ఎల్ఎం అనే సాఫ్ట్‌వేర్ మోడళ్ళ ధరలు, హద్దులు ఉన్న పట్టికని నెట్ నుంచి తెచ్చుకుంటుంది. నెట్ అందకపోతే తనలోనే ఉన్న కాపీ వాడుకుంటుంది. మంచి ఏర్పాటే. కానీ జీపీటీ-4ఓ సంగతి చూడండి. 2024 మేలో పది లక్షల ఇన్‌పుట్ టోకెన్లకి 5 డాలర్లు. ఆగస్టులో వచ్చిన కూర్పుకి 2.50. అక్టోబరు నుంచి ఆ పేరు కొత్త కూర్పుకే చెల్లింది. మే నాటి పట్టిక కోటి టోకెన్లకి 50 డాలర్లు చూపిస్తుంది. అసలు బిల్లు 25.

డబ్బు సరే, బస్తర్ సంగతి చూద్దాం. అక్కడి గోండి మన తెలుగుకి దాయాది భాష. 2011 జనగణన ప్రకారం దేశంలో దాన్ని మాట్లాడేవారు 29 లక్షల పైచిలుకు. (ఈ అంకె కూడా పాత కాపీయే! 2021లో జనగణన జరగలేదు కనక దాన్నే వాడుతున్నాం. అందుకే ఏడాది చెప్పాను.) నెట్ లేనివాళ్ళ కోసమే 2010లో మొదలైన సీజీనెట్ స్వర మామూలు ఫోన్ల మీద నడిచింది. అలాంటి చోట సాఫ్ట్‌వేర్‌కి సొంత కాపీయే దిక్కు.

2025 సెప్టెంబరులో కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ 'ఆదివాణి' అనే ఏఐ అనువాద సాధనాన్ని విడుదల చేసింది. అందులో గోండి ఉంది. 2024లో కట్టిన పట్టికలో అది ఎలా ఉంటుంది? అయినా ఆ పట్టికని నమ్ముకున్న ప్రోగ్రాము "గోండికి సదుపాయం లేదు" అని నిక్కచ్చిగా చెప్పేస్తుంది. అడిగినవాడు నమ్మి వెళ్ళిపోతాడు. "నా పట్టిక 2024 నాటిది, అందులో లేదు" అనడమే నిజాయితీ. లేదనడం వేరు, నాకు తెలియదనడం వేరు.

పాత కాపీ ఉండటం తప్పు కాదు. నిరుటి పంచాంగం చూసి ఈ ఏటి తిథి చెప్పడం తప్పు. కాపీ మీద తేదీ వేయాలి. కొత్తది అందలేదని వాడేవాడికి చెప్పాలి.

ఆ ముసలాయనకి బకాయి చివరికి అందింది. కొత్తగా వచ్చిన గుమాస్తా ఒకడు "ఈ పేరాకి స్లిప్పు ఏ తేదీ వరకు అంటించారు?" అని అడిగాడు కనక.