కాలిఫోర్నియా కమ్యూనిటీ కళాశాలలు: సమీక్ష, సంస్కరణ

మార్కుల అడ్డు లేకుండా అందరినీ చేర్చుకోవడం ఒక సమస్య. చేరినవారు చివరిదాకా చదివి ఏదో ఒక అర్హతతో బయటికి వెళ్లేలా చూడటం అంతకంటే పెద్ద సమస్య. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం మొదటిదాన్ని త్వరగానే పరిష్కరించుకొంది. రెండోది అక్కడ ఇప్పటికీ చర్చలోనే ఉంది. దూరవిద్యలో చదువుతున్న మీకు ఈ చరిత్ర అంత పరాయిదిగా అనిపించదు.

1907లో ఆ రాష్ట్ర శాసనసభ, హైస్కూలు చదువు ముగించినవారికి విశ్వవిద్యాలయపు మొదటి రెండేళ్ల స్థాయి పాఠాలు చెప్పడానికి హైస్కూళ్లకే అనుమతినిస్తూ చట్టం చేసింది. 1910లో ఫ్రెస్నోలో ఇటువంటి తొలి కళాశాల మొదలైంది. వీటిని జూనియర్ కళాశాలలు అన్నారు. (మన ఇంటర్మీడియట్ కళాశాలలతో వీటిని కలపకూడదు, ఇవి పన్నెండో తరగతి తరువాతివి.) బడి కడుపున పుట్టినవి కాబట్టి వీటి నడక కూడా బడి నడకే. ఖర్చులో పెద్ద భాగం స్థానిక ఆస్తి పన్నుతో గడిచేది. స్థానికంగా ఎన్నికైన పాలక మండలి పెత్తనం చేసేది. అధ్యాపకులు కూడా బడి ఉపాధ్యాయుల మాదిరిగానే రాష్ట్రం ఇచ్చే బోధనా ధ్రువపత్రం పొందవలసి వచ్చేది.

1960 నాటి మాస్టర్ ప్లాన్ వీటికి ఉన్నత విద్యలో స్థానం ఇచ్చింది. దీని రూపకల్పనలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ అధ్యక్షుడు క్లార్క్ కెర్ పాత్ర ముఖ్యమైనది. హైస్కూలు పట్టభద్రుల్లో ప్రతిభ ప్రకారం పై ఎనిమిదో వంతు ఆ విశ్వవిద్యాలయానికి, పై మూడో వంతు రాష్ట్ర కళాశాలలకు అర్హులు. జూనియర్ కళాశాలల తలుపు మాత్రం అందరికీ తెరిచే ఉంటుంది. అక్కడ రెండేళ్లు బాగా చదివినవారు పై వ్యవస్థల్లోకి మారవచ్చు. బోధనా రుసుము ఉండదు. ఈ ఏర్పాటుకు ప్రాణం ఆ బదిలీ మార్గమే. అది సన్నబడితే మాస్టర్ ప్లాన్ విద్యార్థులను వేరుచేసే జల్లెడగానే మిగులుతుంది.

1967లో చట్టం ద్వారా రాష్ట్రస్థాయి పాలక మండలి ఏర్పడింది. అయితే అసలు అధికారం స్థానిక మండళ్ల చేతిలోనే ఉండిపోయింది.

ప్రతిపాదన 13 - దాని పర్యవసానాలు

1978 జూన్‌లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రతిపాదన 13ను ఆమోదించారు. దానితో ఆస్తి పన్ను, ఆస్తి విలువలో 1 శాతానికి పరిమితమైంది. పన్ను రాబడి సగానికి పైగా పడిపోయింది. కళాశాలలను ఆదుకొనే భారం రాష్ట్ర ఖజానాపై పడింది. ఇక్కడ ఒక చిక్కు గమనించండి. డబ్బు రాజధాని శాక్రమెంటో నుంచి వస్తోంది, నిర్ణయాలు మాత్రం ఊళ్లోనే జరుగుతున్నాయి. లెక్క ఎవరు, ఎవరికి చెప్పాలి? నిధుల కొరత ముదిరి, గవర్నరుకూ శాసనసభకూ మధ్య వివాదం నడిచిన తరువాత, 1984లో తొలిసారి విద్యార్థులపై రాష్ట్రవ్యాప్త రుసుము పడింది. సెమిస్టరుకు గరిష్ఠంగా 50 డాలర్లు. మొత్తం చిన్నదే కావచ్చు, కానీ ఉచిత విద్య అన్న మాట అక్కడితో చెల్లిపోయింది.

ఈ నేపథ్యంలో మాస్టర్ ప్లాన్‌ను సమీక్షించడానికి కమిషన్ ఏర్పడింది. అది కమ్యూనిటీ కళాశాలలపై తన నివేదికను 1986లో ఇచ్చింది. తలుపు తెరిచే ఉంచాలి, అయితే లోపలికి వచ్చిన విద్యార్థి స్థాయిని అంచనా వేసి, సలహా ఇచ్చి, తగిన తరగతిలో కూర్చోబెట్టాలి అన్నది దాని సారాంశం.

శాసనసభ్యుడు జాన్ వాస్కాన్‌సెలోస్ ప్రవేశపెట్టిన ఏబీ 1725 బిల్లు 1988లో చట్టమైంది. బడి తరహా ధ్రువపత్రాల స్థానంలో కళాశాల స్థాయి కనీస అర్హతలు వచ్చాయి. అధ్యాపకుల పరిశీలనా కాలం 2 నుంచి 4 ఏళ్లకు పెరిగింది. పాఠ్యాంశాలు, ప్రమాణాల విషయంలో అధ్యాపక సభల మాటకు చట్టబద్ధమైన బలం చేకూరింది. క్రెడిట్ తరగతుల బోధనలో 75 శాతం పూర్తికాలపు అధ్యాపకులే చేయాలని లక్ష్యం పెట్టారు. ఇది నెరవేరలేదు, ఎందుకంటే చట్టం ఆశించిన నిధులు పూర్తిగా రాలేదు. పొద్దున ఒక కళాశాలలో, సాయంత్రం మరోచోట పాఠం చెప్పడానికి కారులో పరుగులు తీసే పార్ట్‌టైం అధ్యాపకులకు అక్కడ ‘ఫ్రీవే ఫ్లయర్లు’ అనే పేరు స్థిరపడింది. సంస్కరణ చరిత్రలో చట్టం పాఠం చదివి ఆగిపోకుండా బడ్జెట్టు కూడా ఎందుకు చూడాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

విద్యార్థికి సాయంగా తలపెట్టిన స్థాయి పరీక్ష కాలక్రమంలో అడ్డుగోడ అయింది. ఆ పరీక్షలో తక్కువ మార్కులు వచ్చినవారిని గణితం, ఇంగ్లిష్ పునాది కోర్సుల్లో వేసేవారు. ఆ క్రెడిట్లు విశ్వవిద్యాలయంలో చెల్లవు. ఒకదాని తరువాత ఒకటిగా ఇటువంటి కోర్సులు చదవలేక చాలామంది అసలు డిగ్రీ స్థాయి తరగతి గడప తొక్కకుండానే మానేసేవారు. వీరిలో పేద, నల్లజాతి, లాటినో విద్యార్థులు ఎక్కువ. 2017 నాటి ఏబీ 705 చట్టం ఈ పద్ధతిని మార్చింది. హైస్కూలు మార్కులను ఆధారంగా తీసుకోవాలని, విద్యార్థి ఏడాదిలోపు బదిలీ స్థాయి కోర్సు పూర్తిచేసే అవకాశాన్ని వీలైనంత పెంచాలని ఆదేశించింది. 2019 శరత్కాలం నాటికి కళాశాలలు దీన్ని పూర్తిగా అమలు చేయవలసి వచ్చింది. నేరుగా పై తరగతిలో కూర్చొనే వారి సంఖ్య బాగా పెరిగింది. గణితంలో వెనుకబడినవారు ఆ తరగతిలో తప్పిపోతే ఎలా అని కొందరు అధ్యాపకులు అడిగారు. చాలా కళాశాలలు అసలు కోర్సుతోపాటు అదే సెమిస్టరులో అదనపు సహాయక తరగతులు పెట్టాయి.