అడుగుకు రవ్వంత తక్కువ

దగ్గరికి జరగండర్రా, చలి మోకాళ్ళలోకి దిగుతోంది. ఆ ఎండు కొబ్బరాకు ముందు వెయ్యండి, దుంగ తరవాత అంటుకుంటుంది. ఒరేయ్ చిన్నోడా, ఆ ఫోను జేబులో పెట్టు. బొమ్మ ఆగిపోయిందని ఇందాకట్నించి దాన్ని పొడుస్తున్నావు. అది ఎంత దూరం నుంచి రావాలో ఎప్పుడైనా లెక్కేశావా? అమెరికాలో ఒక ముసలావిడ ఉండేది. ఒంటి మీద నేవీ యూనిఫాం, చేతిలో తీగముక్కల కట్ట. పెద్దపెద్ద సైన్యాధికారులకి ఆ ముక్కలు పంచి మరీ ఈ లెక్క చెప్పేది. పేరు గ్రేస్ హాపర్. నేను ఇరవై ఏడేళ్ళు తిన్న తిండి ఆవిడ వేసిన దారిలో నడిచి సంపాదించుకున్నదే.

1906లో న్యూయార్కులో పుట్టింది. ఏడేళ్ళప్పుడు ఇంట్లో అలారం గడియారం ఎలా మోగుతుందో చూద్దామని విప్పింది. మళ్ళీ బిగించడం రాలేదు. ఎలా ఉండాలో చూసుకోడానికి రెండోది విప్పింది. అలా ఇంట్లో ఉన్న ఏడూ విప్పేసింది! వాళ్ళమ్మ తిట్టకుండా, ఇకనించి ఒక్కటే నీది, దాంతోనే ఆడుకో అందిట. మీ అమ్మ మిక్సీ విప్పినప్పుడు నేనూ అలాగే అని ఉండాల్సింది. అనలేదు, రెండంటించాను.

లెక్కల్లో యేల్ యూనివర్సిటీలో 1934లో డాక్టరేటు తీసుకుంది. ఆ కాలంలో ఆడపిల్లకి అదెంత మాటో మీకు తెలీదు. వాసర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటోంది. ఇంతలో యుద్ధం వచ్చింది. ముప్ఫయ్యేడేళ్ళ వయసులో నేవీలో చేరతానంది. ఒడ్డూ పొడుగుకి తగ్గ బరువు లేదన్నారు. పట్టుబట్టి మినహాయింపు తెచ్చుకుంది. ఓడ ఎక్కిస్తారనుకుంటే 1944లో హార్వర్డుకి పంపారు, మార్క్ వన్ అనే యంత్రం దగ్గరికి. యాభై ఒక్క అడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు. మన వీధరుగు చివర్నించి రాములవారి గుడి మెట్ల దాకా అనుకోండి. ఒక గుణకారం చెయ్యాలంటే దానికి ఆరు సెకన్లు పట్టేది.

ఈ పెద్దది నవ్వుతోంది చూడండి. ఫోనులో ఎక్కడో చదివుంటుంది, కంప్యూటర్లో పురుగు పట్టుకుందావిడేగా అంటుంది. కాదమ్మా. 1947 సెప్టెంబరులో మార్క్ టూ యంత్రం రిలేలో దీపప్పురుగు ఒకటి ఇరుక్కుంది. అక్కడ పనిచేసేవాళ్ళు దాన్ని తీసి లాగ్‌బుక్కులో టేపుతో అతికించి, నిజంగా బగ్ దొరికిన మొదటి సందర్భమిదే అని సరదాగా రాశారు. బగ్ అనే మాట అంతకు చాలా ముందునించీ ఇంజనీర్ల నోట ఉన్నదే. ఈవిడ చేసిందల్లా ఆ ముచ్చట జీవితాంతం అందరికీ చెప్పడం. చెప్పేవాళ్ళ పేరే కథకి అతుక్కుంటుంది, ఎప్పుడూ అంతే. ఆ పుస్తకం, ఆ పురుగు ఇప్పటికీ వాషింగ్టన్ మ్యూజియంలో ఉన్నాయి.

ఆవిడ అసలు గొప్పతనం వేరే. అది మీకు తెలియాలంటే నా సంగతి కాస్త చెప్పాలి.

1973లో హైదరాబాదులో ఒక ఆఫీసులో పంచ్ ఆపరేటరుగా చేరాను. అట్టముక్క కార్డులు, ఒక్కోదానికి ఎనభై వరసలు. ప్రోగ్రామర్లు కోడింగ్ షీటు మీద రాసిచ్చింది మేం కార్డుల మీద చిల్లులు కొట్టాలి. సున్నాకీ ‘ఓ’ అక్షరానికీ తేడా తెలియాలని ఒకదానికి అడ్డగీత పెట్టమనేవాళ్ళం. సగం మంది మరిచిపోయేవాళ్ళు. వానాకాలం వస్తే కార్డులు చెమ్మకి ఉబ్బి మిషన్లో ఇరుక్కునేవి. కట్ట చేజారి కింద పడిందా, ఇక ఏడుపే. అందుకని కట్ట పైఅంచు మీద స్కెచ్‌పెన్నుతో ఏటవాలుగా ఒక గీత గీసేవాళ్ళం. కలిసిపోతే ఆ గీత కుదిరేదాకా పేర్చుకోవచ్చు. ఆ కిటుకు నాకు మా సెక్షన్లో ఒక పెద్దావిడ నేర్పింది.

ఐదేళ్ళకి నన్నూ ప్రోగ్రాములు రాయమన్నారు. కోబాల్ భాష. జీతంలోంచి అడ్వాన్సు తియ్యాలనుకోండి, ‘సబ్‌ట్రాక్ట్ అడ్వాన్స్ ఫ్రమ్ శాలరీ’ అని రాసి చుక్క పెట్టడమే. అంత సుళువు. ఆ చుక్క మరిచిపోతే మాత్రం సుళువు కాదు. ఓవర్‌టైమ్ చేసినవాళ్ళకి ఆ డబ్బు కలుపు అని రాసి, చివర చుక్క పెట్టలేదోసారి. కింద ఉన్న అడ్వాన్సు కోత కూడా ఆ షరతులోకే పోయింది. ఓవర్‌టైమ్ చేసినవాళ్ళకే కోత పడింది, మిగతావాళ్ళకి అడ్వాన్సు కొయ్యకుండా నిండు జీతం! యంత్రం తప్పని అనలేదు, డబ్బు ఎక్కువొచ్చినవాళ్ళు అసలే అనలేదు. రెండు నెలలకి అకౌంట్స్ ఆయన కళ్ళజోడు సర్దుకుంటూ నా టేబులు దగ్గరికొచ్చాడు. ఆ నడక నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

నాకు ఆ మాత్రం ఇంగ్లీషు ముక్కలతో సరిపోయింది కదా, అంతకుముందు వాళ్ళకది లేదు. అంతా అంకెలూ గుర్తులే. ఒకళ్ళు రాసిన చిన్న లెక్క ఇంకోళ్ళకి కావాలంటే నోటుబుక్కులోంచి చేత్తో ఎత్తి రాసుకోవాలి. రాసుకోవడంలో ‘బి’ కాస్తా పదమూడయ్యేది. నాలుగు కాస్తా ఖాళీకి పెట్టే త్రికోణం గుర్తయ్యేది. యుద్ధం తరవాత ఆవిడ ఫిలడెల్ఫియాలో యూనివాక్ తయారుచేసే కంపెనీలో చేరింది. ఎత్తి రాయడం మనిషికి చేతకాని పని, యంత్రానికి చేతనైన పని, మరి యంత్రం చేతే చేయిస్తే పోలా అనుకుంది. 1952 నాటికి ఏ-జీరో అని ఒకటి తయారుచేసింది. ముక్కల్ని తనే వెతికి, తెచ్చి, అతికే ప్రోగ్రాము. కంపైలరని పేరు పెట్టింది. ఎవరూ నమ్మలేదు. కంప్యూటర్లు లెక్కలు మాత్రమే చేస్తాయి, ప్రోగ్రాములు రాయవు అనేశారు. పనిచేస్తున్న వస్తువు ఎదురుగా పెట్టుకుని!

అంకెల్లోనే బతికితే మనిషేమవుతాడో ఆవిడకి అనుభవమే. పదికి బదులు ఎనిమిది అంకెలే వాడే లెక్కతో నడిచే యంత్రం దగ్గర పనిచేసి చేసి, చెక్కుబుక్కు లెక్క ఎంతకీ కుదరలేదు. బ్యాంకులో పనిచేసే తమ్ముడు చూసి చెప్పాడు, అప్పుడప్పుడూ నువ్వు ఆ ఎనిమిది అంకెల లెక్కలో తీసివేతలు చేస్తున్నావని.

ఇప్పుడు చెప్పేది వినండి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క. వ్యాపారాలు చేసుకునేవాళ్ళకి గుర్తులు అక్కర్లేదు, మాటలు కావాలి అంది ఆవిడ. 1955 ప్రాంతంలో మాటలతో నడిచే చిన్న ప్రోగ్రామొకటి కంపెనీ పెద్దలకి చూపించింది. మాటలు మారిస్తే చాలు, పద్ధతి అదేనని చెప్పడానికి అదే ప్రోగ్రాము ఫ్రెంచిలో, జర్మనులో కూడా పెట్టింది. అంతే, పెద్దలు హడలిపోయారు. ఫిలడెల్ఫియాలో తయారైన అమెరికా యంత్రానికి ఫ్రెంచి ఎలా అర్థమవుతుందంటారు! యంత్రానికి ఇంగ్లీషు మాత్రం అర్థమవుతుందా, దానికి అన్నీ గుర్తులేగా? ఆ ముక్క వాళ్ళ బుర్రకెక్కలేదు. ఇక ఇంగ్లీషు తప్ప మరోటి తేనని ఒప్పించడానికి నెలలు పట్టిందిట. నేను కోడింగ్ షీటు అంచున పెన్సిలుతో ‘జీతం లోంచి అడ్వాన్సు తీసెయ్’ అని రాసుకునేదాన్ని. ఆవేళ ఆ పెద్దలు హడలకపోతే అది అంచున కాకుండా మధ్యలో ఉండేదేమో అని నా దిగులు. అత్యాశేలే.

ఫ్లో-మాటిక్ అలా ఇంగ్లీషు మాటలతో వచ్చింది. తరవాత కోబాల్. అందరూ ఈవిణ్ణే కోబాల్ తల్లి అంటారు, అదీ పూర్తిగా నిజం కాదు. అన్ని కంపెనీల యంత్రాలకీ ఒకే భాష ఉండాలని 1959లో కదిలించింది మేరీ హాస్ అనే ఆవిడ. కమిటీలో కూచుని రాసినవాళ్ళలో జీన్ సామెట్ ఒకావిడ, ఈ తల్లి బిరుదు విన్నప్పుడల్లా ఒప్పుకునేది కాదు. హాపర్ సలహాదారు, ఆవిడ ఫ్లో-మాటిక్ దానికి పునాది. మన బారసాలల్లో తల్లి, మేనత్త, మంత్రసాని కలిసి చేసినట్టు. పని నత్తనడక నడుస్తోందని విసుగెత్తి కమిటీలో ఒకాయన ‘కోబాల్’ అని చెక్కించిన సమాధిరాయి కొని పై అధికారికి పంపాడు, గొర్రెపిల్ల బొమ్మతో సహా. ఆ రాయింకా ఉంది, భాషా ఉంది. 1960 డిసెంబరులో ఒకే ప్రోగ్రాము రెండు వేర్వేరు కంపెనీల యంత్రాల మీద నడిచింది.

కంపెనీలో ఉన్నా నేవీ రిజర్వులో కొనసాగిన ఆవిణ్ణి 1966 చివర్లో నేవీ రిటైర్ చేసింది. ఏడు నెలలకే కోబాల్ సర్దిపెట్టాలి, ఆర్నెల్లు రమ్మంది. ఆ ఆర్నెల్లూ పంతొమ్మిదేళ్ళయ్యాయి. 1969లో డేటా ప్రాసెసింగ్ సంఘం వాళ్ళు కొత్తగా ఒక బిరుదు పెట్టి మొట్టమొదట ఆవిడకిచ్చారు. బిరుదు పేరేమిటో తెలుసా? ‘మ్యాన్ ఆఫ్ ది ఇయర్’! 1986లో దిగేనాటికి ఆవిడకి డెబ్బయ్యి తొమ్మిదేళ్ళు, రియర్ అడ్మిరల్.

మీ పెద్దమావయ్య అమెరికా వెళ్ళిందీ ఈ భాష మీదే. కార్డు మీద చోటు చాలక సంవత్సరానికి రెండంకెలే వేసేవాళ్ళం. 2000 వస్తే అవి సున్నా సున్నా అవుతాయని ప్రపంచమంతా గాభరా పడితే, అమీర్‌పేట సందుల్లో కోబాల్ నేర్పే బోర్డులు వెలిశాయి. పాత కోడు వెతికి దిద్దడానికి మనవాళ్ళు విమానాలెక్కారు. ముసలిదైందనుకున్న భాష. కరోనా ఏడు కూడా న్యూజెర్సీ గవర్నరు కోబాల్ వచ్చినవాళ్ళు సాయం రమ్మని అడిగాడు. నేను రెడీయే, మీ తాతయ్యే పంపలేదు.

ఆ తీగ సంగతా? మరిచిపోలేదురా. ఉపగ్రహం నుంచి కబురు రావడానికి అంతసేపెందుకని నేవీ పెద్దలు అడిగితే ఆవిడ ఒక ముక్క చేతిలో పెట్టేది. నానోసెకండులో వెలుతురు పోగలిగిన దూరం ఇదీ, మీకూ ఉపగ్రహానికీ మధ్య ఇలాంటివెన్నో చూసుకోండి అని. మైక్రోసెకండు కావాలంటే దాదాపు వెయ్యడుగుల చుట్ట. పొద్దున్నే నీ బడిసంచీలోంచి పెద్ద స్కేలు తీసి చూసుకో. ముప్ఫై సెంటీమీటర్లు, అడుగుకు రవ్వంత తక్కువ. ఆవిడ పంచిపెట్టిన తీగ కూడా అంతే పొడవు.