నిలువుకోత

ఇంగ్లండ్ పల్లెల్లో పాత మేనర్ హౌస్, అంటే జమీందారీ మహలు, సాధారణంగా రోడ్డు మీదికి కనబడదు. రాతి గేటు దాటి, చెట్ల మధ్య చాలా దూరం లోపలికి వెళ్లాలి. దారి చివర వెడల్పాటి మెట్లు, స్తంభాలు, రాజసంగా ఓ సింహద్వారం. అయితే ఇప్పుడు అలాంటి చోట కాపురముంటున్న చాలామంది ఆ మెట్లెక్కరు. పక్కకు తిరిగి, ఒకప్పుడు వంటవాళ్లూ బట్టలుతికేవాళ్లూ మసలిన పెరటి వాకిట్లోకి వెళ్లి, అక్కడున్న తమ తలుపు తాళం తీసుకుంటారు. వాళ్లుండేది మహలులో ఒక వింగ్. ఇంటి ముక్కకు మనకు ‘వాటా’ అని చక్కని మాట ఉంది. అద్దెకిచ్చినా, అన్నదమ్ములు పంచుకున్నా అదే మాట. ఇంగ్లండ్ మహళ్లు కూలిపోకుండా మిగలడం వెనక ఉన్నది వాటాలు వేయడం నేర్చుకున్న కథే. నేర్చుకోవడానికి చాలా కాలం పట్టింది.

అసలు పంచాల్సిన అవసరం ఎందుకొచ్చింది? ఈ మహళ్లను పోషించింది భూమి. 1870ల చివర్లో అమెరికా గోధుమ రైళ్ల మీద, ఆవిరి ఓడల మీద దిగేసరికి ఇంగ్లండ్ కౌళ్లు పడిపోయాయి. 1894లో ఆర్థికమంత్రి విలియం హార్‌కోర్ట్ వారసత్వపు ఆస్తి మీద కొత్త సుంకం వేశాడు. అప్పట్లో పది లక్షల పౌండ్లు దాటిన ఆస్తికి 8 శాతం. 1919 నాటికి పై అంచున 40 శాతం, 1949 నాటికి 80. మొదటి ప్రపంచయుద్ధంలో వరసగా తండ్రీ కొడుకూ పోయిన కుటుంబాల సంగతి చెప్పనక్కర్లేదు. రెండో యుద్ధంలో సైన్యాలూ ఆస్పత్రులూ బళ్లూ ఈ ఇళ్లలో దిగి, వెళ్లేటప్పుడు కారే కప్పులు అప్పగించి పోయాయి.

అన్నిటినీ భూమే కట్టలేదు. కొన్నింటిలో మన సొమ్మూ ఉంది. 1778లో మద్రాసు గవర్నరైన థామస్ రంబోల్డ్ ఉత్తర సర్కారుల జమీందార్లను శిస్తు బేరాలకు మద్రాసుకు రప్పించుకున్నాడు. ఆ వ్యవహారాల్లో లంచాలు తిన్నాడని పార్లమెంటులో అతని మీద బిల్లు పెట్టి, తర్వాత వదిలేశారు. హార్ట్‌ఫర్డ్‌షైర్‌లో అతను కట్టించుకున్న వుడ్‌హాల్ పార్క్ మాత్రం నిలిచింది. అతని తర్వాత దాన్ని కొన్నవాడు ఆర్కాటు నవాబుకు అప్పులిచ్చి పేరుమోసిన పాల్ బెన్‌ఫీల్డ్. ఇప్పుడక్కడ బడి నడుస్తోంది.

బడో ఆస్పత్రో దొరకని ఇళ్ల గతి వేరు. 1955లో సగటున ఐదు రోజులకొకటి చొప్పున మహళ్లు నేలమట్టమయ్యాయని లెక్క. చాలావాటిని కూలగొట్టించింది బయటివాళ్లు కాదు, యజమానులే. విల్ట్‌షైర్‌లోని బోవుడ్‌లో లాన్స్‌డౌన్ మార్క్విస్ ‘పెద్దిల్లు’ పడగొట్టించి, పక్కనున్న ‘చిన్నిల్లు’ ఉంచుకున్నాడు. పెద్దింట్లో రాబర్ట్ ఆడమ్ తీర్చిన భోజనశాలను లాయిడ్స్ బీమా సంస్థ వేలంలో కొని, విప్పి లండన్ తీసుకుపోయింది. ఇప్పుడది రిచర్డ్ రోజర్స్ రూపొందించిన లాయిడ్స్ భవనంలో 11వ అంతస్తులో ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు గది లిఫ్టెక్కి వెళ్తే గానీ కనబడదు! నాకు ఇందులో ఆసక్తి కలిగించింది మరో సంగతి: మనుషులు బతకడానికి పనికొచ్చింది పెద్దిల్లు కాదు, చిన్నిల్లు. ఆ మాట ఆ రోజున ఎవరికీ పెద్దగా పట్టినట్టు లేదు.

మొదటి ప్రయత్నాలు మంచి మనసుతోనే జరిగాయి. 1955లోనే బెర్నార్డ్ గ్రేట్‌హెడ్ అనే నౌకాదళ రియర్ అడ్మిరల్ మ్యూచువల్ హౌస్‌హోల్డ్స్ అసోసియేషన్ పెట్టాడు. ఉద్యోగ విరమణ చేసినవాళ్లు కొంత సొమ్ము సంఘానికి ఇచ్చి మహలులో గదులు తీసుకుని ఉంటారు, భోజనం కలిసే. ససెక్స్‌లోని డానీ అలా బతికింది. 1918 అక్టోబరులో ప్రధాని లాయిడ్ జార్జ్ తన సహచరులతో కూర్చుని యుద్ధవిరామ షరతులు చర్చించింది ఆ ఇంట్లోనే. సంఘం దాదాపు అర్ధశతాబ్దం నడిచి, 2000ల మొదట్లో మూతపడింది.

అసలు చిక్కు కోతలో ఉంది. మహలును పంచాలంటే ఎవరికైనా ముందు తట్టేది అడ్డకోత: అంతస్తుకో కుటుంబం. అలా కోస్తే ఏమవుతుందో చూడండి. నడి అంతస్తులో అన్నీ దర్బారు గదులే. పదిహేను, ఇరవై అడుగుల ఎత్తు కప్పులు, పాలరాతి పొయ్యిలు. కానీ పడకగది ఎక్కడ పెట్టాలి, స్నానాలగది ఎక్కడ దూర్చాలి? సెలూన్ అనే పెద్ద హాలు మధ్యలో పలచని అడ్డుగోడ లేపుతారు. అది కప్పు అంచున ఉన్న సున్నపు పూలతీగను ఆకు సగంలో నరుక్కుంటూ పోతుంది. ఇంకో సగం ఆకు పక్క కాపురంవాళ్ల గదిలో. పై అంతస్తువాళ్లకు నూరు మెట్లు, వంగిన కప్పు. మధ్యలో మహామెట్లు ఎవరివీ కాకుండా పోతాయి. వాటి చుట్టూ అగ్నిప్రమాద నిబంధనల కోసం బరువైన తలుపులు, ఎర్ర బోర్డులు. అంతస్తుల మధ్య ఉన్నవి చెక్క దూలాలు, పైన ఎవరు చెప్పులతో నడిచినా కిందవాళ్లకు తెలుస్తుంది.

1974 అక్టోబరులో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మ్యూజియం డైరెక్టర్ రాయ్ స్ట్రాంగ్, కట్టడాల చరిత్రకారులు మార్కస్ బిన్నీ, జాన్ హ్యారిస్ కలిసి ‘మహళ్ల విధ్వంసం’ ప్రదర్శన పెట్టారు. కూలుతున్న స్తంభాల మీద పోయిన ఇళ్ల ఫొటోలు, వెనకనుంచి ఒక గొంతు వరసగా ఆ ఇళ్ల పేర్లు చదువుతూ ఉంటుంది. పోయినవి వెయ్యికి పైనే. మరుసటేడు బిన్నీ ‘సేవ్ బ్రిటన్స్ హెరిటేజ్’ మొదలుపెట్టాడు. ఆ సంస్థ 1981లో, కింద బొగ్గుగని తవ్వకాలతో నేల కుంగుతున్న బార్లాస్టన్ హాల్‌ను ఒక్క పౌండుకు కొని మరీ కాపాడింది.

గోల చేస్తే కూలగొట్టడం ఆగుతుంది. కానీ అంతమాత్రాన ఇంట్లోకి మనుషులు రారు. వాళ్లను రప్పించే రెండో పని చేసినవాడు కిట్ మార్టిన్ అనే ఆర్కిటెక్ట్. తండ్రి లెస్లీ మార్టిన్ లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్ రూపకర్తల్లో ఒకడు, కాంక్రీటు యుగం మనిషి. కొడుకు శిథిలాల వెంట పడ్డాడు. 1970లలో నార్తాంప్టన్‌షైర్‌లోని డింగ్లీ హాల్, తర్వాత మానసిక వైద్యశాలగా వాడి వదిలేసిన హాసెల్స్ హాల్, 1980లో నార్‌ఫోక్‌లోని గన్టన్. గన్టన్ 1882లో కాలింది. కాలిన నడిభాగం దాదాపు నూరేళ్లు కప్పు లేకుండా గోడలతోనే నిలబడి ఉంది. అతను దాన్ని కొని, వాటాలు వేసి, తనూ అక్కడే కాపురం పెట్టాడు.

మార్టిన్ కత్తిని తిప్పి పట్టుకున్నాడు, అంతే. అడ్డంగా కాదు, నిలువుగా కోశాడు. మహలులో నిలువు గోడలు అడుగుల మందం ఇటుక, అటు మాట ఇటు వినబడదు. అలాంటి రెండు గోడల మధ్య కింది నుంచి అటక దాకా ఒక కుటుంబానికి ఇస్తే, నేల మీద సొంత తలుపు, ఒక పెద్ద గది, పైన పడకగదులు అన్నీ వస్తాయి. పెద్ద గదిని ముక్కలు చేయాల్సిన పని లేదు. వెనకున్న చిన్న గదుల్లో వంటా స్నానమూ సర్దుకుంటాయి. మరి ఇన్ని కాపురాలకు ఇన్ని మెట్లు ఎక్కడివి? అవీ ముందే ఉన్నాయి. దొరలకు మహామెట్లు, పిల్లలకూ ఆయాలకూ ఒకటి, నౌకర్లు ఎదురుపడకుండా తిరగడానికి గోడల వెనక ఇరుకు మెట్లు. దాచిపెట్టిన ఆ నౌకర్ల మెట్లే ఇప్పుడు ఒక్కో వాటాకు సొంత మెట్లయ్యాయి. రెండు వాటాల మధ్య తలుపుంటే దాన్ని పీకరు. తలుపు, పిడి, చట్రం అలాగే ఉంచి వెనక గోడ కట్టేస్తారు. గది పొందిక చెడదు, తలుపు తెరుచుకోదు. తోటనూ మేత మైదానాన్నీ మాత్రం కంచెలు వేసి పంచకుండా ఉమ్మడిగా వదిలేశారు. కిటికీలోంచి చూస్తే మొత్తం ఎస్టేటు ఒకరిదేననిపిస్తుంది.

బిన్నీ, మార్టిన్ కలిసి 1982లో ఏయే శిథిల మహలును ఎలా వాటాలు వేయొచ్చో ప్లాన్లతో సహా పుస్తకం వేశారు. తర్వాత వ్యాపారులు అందుకున్నారు, అందరూ అంత పొదుపుగా కోయలేదు.

వింగుల గిరాకీ అర్థం చేసుకోదగ్గదే. వంటిల్లు, లాండ్రీ, బీరు కాచే కొట్టు, గుర్రపుశాల, ఇవన్నీ పొగా వాసనా దొరలకు తగలకుండా దూరంగా కట్టినవి. గదులు చిన్నవి, కప్పులు అందేంతలో ఉంటాయి, చలికాలం వేడెక్కుతాయి. దర్బారు వాటా తీసుకున్నవాళ్లు ఆ ఎత్తుకు చమురు బాయిలర్ మండించే ఖర్చు చెప్పుకుని నిట్టూరుస్తారు. పైకప్పు సీసపు రేకులకూ, దారి కంకరకూ, సెప్టిక్ ట్యాంకుకూ అందరూ ఏటా చందా కట్టాలి. 1968 చట్టం నుంచి వారసత్వ కట్టడాల జాబితాకెక్కిన ఇంట్లో అనుమతి లేకుండా కిటికీల తీరు మార్చినా నేరమే. 2012 దాకా ఇంకో వింత ఉండేది: అనుమతి పొందిన మార్పుకు వ్యాట్ సున్నా, కారే కప్పు బాగుచేస్తే పూర్తి పన్ను!

ఇలాంటి కొన్ని వింగుల్లో నడవా గోడ మీద ఇప్పటికీ పాత గంటల వరస కనబడుతుంది. స్ప్రింగుకు వేలాడే ఇత్తడి గంట, కింద రంగు పోయిన అక్షరాల్లో గది పేరు: లైబ్రరీ, సెలూన్, దొరసాని గది. లైబ్రరీ ఇప్పుడు పక్కవాటా వాళ్ల హాలు. గోడ కట్టినప్పుడు తీగ తెగిపోయింది. వాళ్లకేమైనా కావలసివస్తే బయటి నుంచి చుట్టూ తిరిగి వచ్చి, ఈ తలుపు కొట్టాలి.